ఫోల్డరు తూకం

మన ఇళ్ళల్లో ఆడవాళ్ళకు తెలియని కొలత లేదు. బియ్యపు డబ్బా మూత తీసి ఒక్కసారి చెయ్యి పెట్టి చూసి, "ఇంకో పది రోజులకు వస్తాయి" అంటారు. పదకొండోనాడు డబ్బా అడుగు కనిపిస్తుంది. గ్యాసు సిలిండరును కాస్త పక్కకు వంచి, అది ఏకాదశి దాకా మండుతుందో ముందే ఆరిపోతుందో చెప్పేస్తారు. అదే ఇంట్లో కంప్యూటరూ వున్నది, మనిషికొక ఫోనూ వున్నది. వాటిలో ఏ ఫోల్డరు ఎంత జాగా తింటున్నదో అడిగి చూడండి, ఇల్లంతా నిశ్శబ్దం. "స్థలం నిండిపోయింది" అని ఎర్రగీత కనిపించిన రోజున మాత్రం అందరికీ కంగారు పుడుతుంది. ఆ కంగారులో చేతికందినదేదో తీసి పారేస్తాం. తీసినది తిరిగి రాదు. పోనీ జాగా అయినా మిగిలిందా అంటే చాలాసార్లు అదీ వుండదు.

ఈ విషయం రాయవలసినవాడు కంప్యూటరు మేష్టారు గదా, తెలుగు మేష్టారికి ఇందులో పనేమిటి అంటారేమో. పని తగిలింది కనుకనే రాస్తున్నాను.

సంగారెడ్డిలో మా తెలుగు శాఖకు ఒక కంప్యూటరు వున్నది. అందులో "పాటలు" అని ఒక ఫోల్డరు. పది పన్నెండేళ్ళుగా మా విద్యార్థులు తమ తమ ఊళ్ళలో ముసలమ్మల ముందు కూర్చుని, ఫోనుల్లో పట్టి తెచ్చిన పాటలన్నీ అందులో వున్నాయి. బతుకమ్మ పాటలు, నాట్ల పాటలు, కలుపు పాటలు, పెండ్లి పాటలు, చంటిపిల్లల జోలలు. ఇస్నాపూరు, రుద్రారం, పాశమైలారం, ముత్తంగి అనగానే ఇవాళ ఎవరికైనా రేకుల షెడ్లు, పొగగొట్టాలు, వరసకట్టిన లారీలు గుర్తుకొస్తాయి. నాట్లు వేసిన చేతులు ఆ ఊళ్ళలో ఇంకా వున్నాయి. నాట్లు వేసే మళ్ళే తగ్గిపోయాయి. పాడినవాళ్ళలో కొందరు ఇప్పుడు లేరు. వాళ్ళ గొంతులు ఆ ఫోల్డరులో తప్ప మరెక్కడా లేవు.

నిరుడు వేసవి సెలవులు ముగియబోతుండగా ఆ కంప్యూటరు నిండిపోయింది. బాగుచెయ్యటానికి వచ్చిన కుర్రవాడు కాసేపు చూసి, "సార్, గీ పాటల ఫోల్డర్ల రెండు వేల పైన ఫైళ్ళున్నయ్. జాగ గిదే మింగుతున్నది. తీసేస్తే మస్తు ఖాళీ అయితది" అన్నాడు. అతన్ని అనవలసిన పని లేదు. అన్ని ఫైళ్ళు ఒక్కచోట చూస్తే ఎవరైనా అట్లాగే అనుకుంటారు. "తీసేద్దువుగాని నాయనా, ముందు తూచి చూద్దాం" అన్నాను. కుర్చీలు దగ్గరికి లాక్కుని ఇద్దరం తూచటానికి కూర్చున్నాం. అప్పుడు తెలిసినవీ, ఆ తరువాత నేను చదివి తెలుసుకున్నవీ కలిపి ఇక్కడ మనవి చేస్తున్నాను.

ఫోల్డరు అనే మాటే మొదట మనల్ని తికమక పెడుతుంది. తెరమీద అట్టసంచీ బొమ్మ కనిపిస్తుంది కనుక, అందులో కాగితాలు కుక్కి వున్నాయని అనుకుంటాం. నిజానికి ఫోల్డరు సంచీ కాదు, చిట్టా. ఫలానా ఫైలు పేరు ఇది, అది డిస్కుమీద ఫలానా చోట వున్నది అని రాసి పెట్టుకున్న జాబితా, అంతే. ఆ జాబితాలో మళ్ళీ ఇంకొక జాబితా పేరు వుండవచ్చు. దానినే మనం ఫోల్డరులో ఫోల్డరు అంటున్నాం. అందువల్లనే విండోసులో ఫైళ్ళ వరస తెరిస్తే ప్రతి ఫైలు పక్కనా దాని పరిమాణం కనిపిస్తుంది గాని, ఫోల్డరు పక్కన మాత్రం ఆ గడి ఖాళీగా వుంటుంది. జనాభా లెక్కలవాడు ఇంటింటికీ తిరగనిదే ఊరి జనం ఎంతో చెప్పలేడు గదా! కంప్యూటరు కూడా ఒక్కొక్క ఫైలునూ పలకరించి రావాలి. పేరుమీద మౌసు కుడి మీట నొక్కి "ప్రాపర్టీస్" అన్న మాట ఎంచుకుంటే ఆ తిరుగుడు మొదలవుతుంది. అంకెలు గిరగిరా పెరుగుతూ పోయి ఒకచోట ఆగుతాయి. ఆగేదాకా ఓపిక పట్టాలి.

ఈ లెక్క పాతదే. అమెరికాలో బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలైనవారు యూనిక్స్ అనే వ్యవస్థను కట్టి, 1971లో దానికి మొదటి కరదీపిక వేశారు. అప్పటికే అందులో "డియు" అనే రెండక్షరాల ఆజ్ఞ వున్నది. డిస్కు యూసేజి అనే మాటకు పొడి అక్షరాలు అవి. పని ఇదే, ఏ ఫోల్డరు ఎంత చోటు పట్టిందో చెప్పటం. వాళ్ళ యంత్రానికి వున్న డిస్కు అరమెగాబైటు. ఇవాళ ఫోనుతో తీసిన ఒక మామూలు ఫోటో అందులో పట్టదు. జాగా అంత తక్కువ కనుకనే కొలత అంత తొందరగా అవసరపడింది. యాభై ఏళ్ళు దాటినా లినక్సులో, యాపిల్ కంప్యూటర్లలో ఆ ఆజ్ఞ అట్లాగే పని చేస్తున్నది.

అంతకన్న వెనక్కి పోతే, ఆంధ్రప్రదేశ్ అవతరించిన 1956లోనే, సెప్టెంబరులో, ఐ.బి.ఎం. సంస్థ తిరిగే డిస్కు వున్న మొదటి కంప్యూటరును ప్రకటించింది. రెండడుగుల అడ్డు వున్న పళ్ళేలు యాభై, ఒకదానిమీద ఒకటి. బరువు ఒక టన్ను పైమాట. ఇంతా చేసి అందులో పట్టేది 50 లక్షల అక్షరాలు.

సరే, అంకెలు ఆగినవి. చూస్తే ఒకటి కాదు, రెండు కనిపిస్తాయి. పైన "సైజ్", కింద "సైజ్ ఆన్ డిస్క్". మొదటిది సరుకు ఎంత అన్నది, రెండోది అది ఆక్రమించిన చోటు ఎంత అన్నది. ఈ రెండూ ఎందుకు కలవవు? దీనికి జవాబు పటాన్‌చెరు వెళితే కళ్ళారా కనిపిస్తుంది.

కార్ఖానాల్లో పనికి ఒడిశా నుంచీ బీహారు నుంచీ వచ్చినవాళ్ళకోసం అక్కడ లైను గదులు కట్టి అద్దెకిస్తారు. యజమాని గదికి అద్దె పుచ్చుకుంటాడు గాని మనిషికి కాదు. గదిలో నలుగురుంటే నలుగురూ పంచుకుంటారు. ఒక్కడే దిగితే ఒక్కడే మొత్తం కట్టుకోవాలి. డిస్కు కూడా ఇట్లాగే గదులుగా కట్టి వుంటుంది. విండోసు మామూలుగా వేసే ఏర్పాటులో గదికి 4,096 బైట్లు. ఒక ఫైలు దిగిన గదిలోకి మరో ఫైలును రానివ్వరు. 5,000 బైట్ల ఫైలు వచ్చిందనుకోండి, ఒక గది నిండి 904 బైట్లు మిగిలాయి. వాటికోసం రెండో గది ఇవ్వాలి. అంటే సరుకు 5,000, ఆక్రమించిన చోటు 8,192. రెండో గదిలో ముప్పాతిక ఖాళీయే గాని అద్దె అద్దే.

యజమాని మరీ కఠినుడేమీ కాదు. నాలుగు ముక్కల చీటీలాంటి బుల్లి ఫైలు వస్తే విండోసు దానికి గది ఇవ్వకుండా, చిట్టా పుస్తకంలోనే ఒక మూల సర్దేస్తుంది. అటువంటిదాన్ని తూస్తే డిస్కుమీద పరిమాణం సున్న అని చూపుతుంది. సున్న అన్నది గదా అని లోపల ఏమీ లేదనుకోరాదు.

గది పెద్దదైన కొద్దీ వృథా పెరుగుతుంది. 64 గిగాబైట్ల పెన్ డ్రైవులు సాధారణంగా ఎక్స్‌ఫ్యాట్ అనే ఏర్పాటుతో వస్తాయి. వాటిలో గదికి మామూలుగా 128 కిలోబైట్లు. రెండేసి కిలోబైట్ల పద్యాల ఫైళ్ళు వెయ్యి వున్నాయనుకుందాం. సరుకు రెండు మెగాబైట్లు. కంప్యూటరు డిస్కుమీద అవి పట్టే చోటు నాలుగు మెగాబైట్లు. అవే ఆ పెన్ డ్రైవులోకి ఎక్కిస్తే 125 మెగాబైట్లు! పద్యం ఒకటి, ఫంక్షన్ హాలు ఒకటి. ఇట్టివాటిని ఒక్క జిప్ మూటగా కట్టి ఎక్కించటం తెలివైన పని.

మన పాటల ఫోల్డరు సంగతి చూద్దాం. ఫైళ్ళు 2,316. పరిమాణం ఎనిమిది గిగాబైట్లకు కాస్త తక్కువ. డిస్కుమీద పరిమాణం అంతకన్న పిసరు ఎక్కువ. ఒక్కొక్క ఫైలుకూ చివరి గదిలో సగం చొప్పున వృథా అనుకున్నా అన్నిటికీ కలిపి ఐదు మెగాబైట్లు కాదు. 465 గిగాబైట్ల డిస్కులో ఎనిమిది గిగాబైట్లు ఎంత? వందకు రెండు పాళ్ళు లేదు. కుర్రవాడు మళ్ళీ ఒకసారి అంకె చూశాడు. "మరి తిన్నదెవరు సార్?" అన్నాడు.

తిన్నవారు మరో మూల దొరికారు. కళాశాల వార్షికోత్సవం వీడియోలు. "వార్షికోత్సవం" అని ఒక ఫోల్డరు. దాని లోపల "వార్షికోత్సవం కొత్తది". దానిలోపల "వార్షికోత్సవం ఫైనల్". మూడింటిలోనూ వున్నవి అవే నృత్యాలు, అవే ఉపన్యాసాలు, ముఖ్యఅతిథికి అదే శాలువా. ఒక్కొక్కటి 61 గిగాబైట్లు. ఫైళ్ళ సంఖ్య మాత్రం మూడింట్లోనూ కలిపి నూరు దాటదు. అందుకే ఎవరి కంటా పడలేదు. ఇక చెత్తబుట్టలో మరొక 38 గిగాబైట్లు. చెత్తబుట్టలో వేసిన ఫైలు ఇంటి గుమ్మం ముందు పెట్టిన పాత సామానువంటిది. లోపల కనిపించదు గాని మున్సిపాలిటీ బండి వచ్చేదాకా మన జాగాలోనే వుంటుంది. బుట్ట ఖాళీ చేస్తేనే ఆ చోటు మనది. వీడియోల మూడు ప్రతులనూ ఫైలు ఫైలుకూ సరిచూసి, రెండు తీసేశాం. పాటల జోలికి పోలేదు.

465 అన్నాను గదా, డిస్కు పెట్టెమీద 500 అని అచ్చు వేసి వుంటుంది. ఆ 35 ఏమయ్యాయని చాలామంది దుకాణదారుణ్ణి అనుమానిస్తారు. అతను కాజేసినదేమీ లేదు. తయారీదారు వేయి బైట్లను కిలోబైటు అంటాడు, విండోసు 1,024 బైట్లను కిలోబైటు అంటుంది. మెట్టుమెట్టుకూ ఆ తేడా పెరిగి, గిగాబైటు దగ్గరికి వచ్చేసరికి నూటికి ఏడు పాళ్ళ వ్యత్యాసమవుతుంది. సేరు ఒక్కటే అయినా ఊరికొక సేరు వుండిన రోజులు మన పెద్దలకు గుర్తే. కిలోగ్రాము వచ్చి ఆ గొడవ తీర్చింది. ఇక్కడ కూడా 1998లో ఒక అంతర్జాతీయ సంఘం 1,024 లెక్కకు కిబిబైటు అని వేరే పేరు పెట్టింది. ఆ పేరు పలికిన దుకాణదారు నాకింతవరకు తగల్లేదు.

ఇప్పుడు తెలుగు మేష్టారి సొంత ప్రకరణానికి వస్తున్నాను, కాస్త ఓపిక పట్టండి.

పాటల ఫోల్డరులో ఒక్కొక్క పాటా మూడు వేషాల్లో వున్నది. కొందరు విద్యార్థులు మేలురకం ధ్వనిలో పట్టారు. అది నిమిషానికి పది మెగాబైట్ల పైచిలుకు. కొందరు ఎంపీత్రీగా తెచ్చారు. అది నిమిషానికి సుమారు ఒక మెగాబైటు. మూడోది పాట విని తెలుగులో టైపు చేసిన పాఠం. నలభై పాదాల పాటయినా నాలుగైదు కిలోబైట్లు. అంటే ఐదు నిమిషాల పాట ధ్వనిగా యాభై మెగాబైట్లు పడితే, అక్షరంగా దానిలో పదివేలవ వంతు!

అయినా మన అక్షరం ఇంగ్లీషు అక్షరంకన్న బరువైనదే. సంగారెడ్డి అన్న మాటను ఇంగ్లీషులో రాస్తే పది అక్షరాలు. తెలుగులో కంప్యూటరు దాన్ని స, సున్న, గ, దీర్ఘం, ర, ఎత్వం, డ, పొల్లు, డ, గుడి అని విడదీసుకుంటుంది. ఇవీ పదే. సంఖ్య సమానమే గాని, ఇంగ్లీషు పేరు పది బైట్లలో ముగుస్తుంది, తెలుగు పేరు ముప్ఫై బైట్లు పడుతుంది. పటాన్‌చెరు ఇంకా తమాషా. ఇంగ్లీషులో పది అక్షరాలు. తెలుగులో ప, ట, దీర్ఘం, న, పొల్లు, చ, ఎత్వం, ర, కొమ్ము. తొమ్మిదే గదా! కాని నకారం కింద చకారం వత్తుగా చేరిపోకుండా వాటి మధ్య ఒక కనిపించని గుర్తు పెట్టాలి. అదీ కలిపితే పది. కంటికి కనిపించని ఆ గుర్తుకు కూడా మూడు బైట్లు. "స్త్రీ" అన్న ఒక్క అక్షరం మీద కలం మూడుసార్లు తిరుగుతుంది. కంప్యూటరులో అది ఆరు గుర్తులు, పద్ధెనిమిది బైట్లు. వ్యాకరణం చెప్పేవాడికి ఇందులో ఆనందం వున్నది. హల్లు, పొల్లు, హల్లు అంటూ మనం నల్లబల్ల మీద విడదీసి చూపించేదాన్ని యంత్రం కూడా అట్లాగే విడదీసి దాచుకుంటున్నది.

మూడు బైట్లు ఎందుకని? 1991లో యూనికోడు మొదటి కూర్పులోనే తెలుగుకు 128 గళ్ళు కేటాయించారు. ఆ గళ్ళను బైట్లుగా రాసే పద్ధతిని 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనేవారు న్యూజెర్సీలోని ఒక హోటల్లో భోజనానికి కూర్చుని, బల్లమీద పరిచిన కాగితం మీద గీశారు. యూనిక్సు కట్టిన థాంప్సనే ఈయన. అప్పటికే ప్రపంచంలో వున్న ఇంగ్లీషు ఫైళ్ళు ఒక్కటి కూడా మార్చనక్కరలేకుండా వుండాలని ఇంగ్లీషుకు ఒక బైటు వుంచి, దూరపు గళ్ళలో వున్నవాటికి రెండు, మూడు, నాలుగు ఇచ్చారు. మనవన్నీ మూడులో పడినవి. ఆ మూడింట్లో మొదటి రెండూ దాదాపు "నేను తెలుగును, నేను తెలుగును" అని చెప్పటానికే సరిపోతాయి. ఏ అక్షరమో చెప్పేది ముఖ్యంగా మూడోది. ప్రతి మాటకు ముందు ఇంటిపేరు, ఊరిపేరు చెప్పుకునే పెద్దమనిషిలాగా అన్నమాట. అందుకే తెలుగు ఫైలును జిప్ మూట కడితే చక్కగా కుంచించుకుపోతుంది. పదేపదే వచ్చే ఆ ఇంటిపేరును మూట కట్టేవాడు ఒక్కసారి రాసుకుని ఊరుకుంటాడు.

దీన్ని అన్యాయమనే మిత్రులున్నారు. నేననను. పుటకు పదిహేను వందల గుర్తులున్న రెండువందల పుటల పుస్తకానికి మూడు చొప్పున వేసినా తొమ్మిది లక్షల బైట్లు, అంటే ఒక మెగాబైటుకు లోపు. పెండ్లిలో తీసిన ఒక్క ఫోటో అంతకు మూడు నాలుగింతలు. బైటుకు ఒక గుర్తు పట్టే పద్ధతులు మనకు పూర్వం లేకపోలేదు. ఇస్కీ అని 1991లో భారత ప్రమాణంగా వెలువడినది అటువంటిదే. అచ్చు ప్రెస్సుల్లో వాడిన పాత ఫాంట్లూ ఆ బాపతువే. వాటితో టైపు చేసిన వ్యాసాల ఫోల్డరు నా దగ్గర ఒకటి వున్నది. తూస్తే పక్షి ఈకంత. తెరిస్తే, ఆ ఫాంటు లేని కంప్యూటరులో, ఇంగ్లీషు అక్షరాలూ చుక్కలూ కలగలిసిన గందరగోళం. తేలికగా వుండి నోరు విప్పని ఫైలుకన్న, మూడు బైట్ల బరువు మోస్తూ ఏ ఫోనులోనైనా పలికే ఫైలు నాకు నయం.

అచ్చుపుస్తకాన్ని టైపు చెయ్యకుండా బొమ్మగా తీస్తే లెక్క మారిపోతుంది. ఏ-ఫోర్ కాగితాన్ని అంగుళానికి 300 చుక్కల చొప్పున రంగుల్లో తీస్తే 87 లక్షల చుక్కలు, చుక్కకు మూడు బైట్లు, వెరసి రెండున్నర కోట్ల పైమాట. అదే పుటను నలుపు తెలుపుగా, చుక్కకు ఒక్క బిట్టు చొప్పున తీస్తే పదకొండు లక్షల బైట్లు. కుదించటం మొదలుపెట్టకముందే ఇరవైనాలుగింతల తేడా! చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ పురస్కారం పొందిన రాజ్ రెడ్డిగారి పూనికతో పది లక్షల పుస్తకాల పథకం సాగినప్పుడు హైదరాబాదు ట్రిపుల్ ఐటీ అందులో పాలు పంచుకున్నది. అటువంటి పనిలో పుట ఎంత బరువు అన్నది చిన్న ప్రశ్న కాదు. ఒక్క పుటకు ఒక్క మెగాబైటు మిగిల్చితే కోట్ల పుటలకు ఎంత మిగులుతుందో మీరే లెక్క వేసుకోవచ్చు. ఆ తెలుగు పుస్తకాలు ఇవాళ ఇంటర్నెట్ ఆర్కైవులో చదువుకుంటున్నాం.

మా పాత విద్యార్థి ఒకతను ఈ పారిశ్రామికవాడలోనే ఒక మందుల కార్ఖానాలో, నాణ్యత పరీక్షించే విభాగంలో పని చేస్తున్నాడు. నేను ఈ ఫోల్డర్ల కథ చెబితే నవ్వి, "మాకు గది రోజూ వుండేదే సార్" అన్నాడు. మాత్రలో మందెంత, మలినమెంత అని చూసే యంత్రాలకు కంప్యూటర్లు తగిలించి వుంటాయి. ప్రతి పరీక్షకూ కొన్ని ఫైళ్ళు పుడతాయి. అవి తీసేసే అధికారం పరీక్ష చేసేవాడికి వుండదు. అమెరికాకు పోయే మందైతే, ఆ బ్యాచీకి చెందిన రికార్డులు గడువు తేదీ దాటిన తరువాత కూడా కనీసం ఏడాదిపాటు వుంచాలని వాళ్ళ నిబంధన. రికార్డుల నిజాయితీ గురించి 2018 డిసెంబరులో అక్కడి ఔషధ శాఖ ప్రత్యేకంగా ఒక మార్గదర్శిని కూడా వెలువరించింది. కనుక తీసెయ్యటం కుదరదు. నిండేదాకా ఊరుకోవటమూ కుదరదు. పరీక్ష నడుస్తుండగా డిస్కు నిండితే ఆ పరీక్షే దండుగ. మిగిలింది తూచటం ఒక్కటే. "అందాజుగ చెప్తే నడువది సార్. ఎంత నిండింది, ఎంత మిగిలింది, లెక్క రాసి సంతకం పెట్టాలె" అన్నాడు. మన ఇళ్ళల్లో అంత పట్టుదల అక్కరలేదు గాని, అందాజు అనే మాట మీద అతని అనుమానం నాకు నచ్చింది.

పటాన్‌చెరు దాకా వచ్చి ఇక్రిశాట్ మాట ఎత్తకుండా పోవటం మర్యాద కాదు. 1972లో వెలసిన ఆ సంస్థ పూనికతో కంది మొక్క జన్యుక్రమాన్ని చదివి, 2012 నాటి ఒక శాస్త్ర పత్రికలో ప్రకటించారు. చదివినది "ఆశ" అనే కంది రకాన్ని. ఐ.ఐ.టి. వెలసిన ఊరి పేరు కూడా కందే. ఈ కంది పప్పులోది. దాని జన్యుక్రమంలో సుమారు 83 కోట్ల అక్షరాలు, అవీ నాలుగే రకాలు. అక్షరానికి ఒక బైటు చొప్పున రాస్తే 830 మెగాబైట్లు, అంటే ఒక సినిమాకన్న చిన్న ఫోల్డరు. నాలుగే రకాలు గనుక బైటుకు నాలుగక్షరాలు పట్టించి రాస్తే 210 మెగాబైట్లకు దిగుతుంది. మా వార్షికోత్సవంలో ముఖ్యఅతిథి ఉపన్యాసం ఇంతకన్న పెద్దది! అయితే ఆ ఫోల్డరు చేతికి వచ్చిందని ఇక్రిశాట్ వారు గింజలు పారెయ్యలేదు. లక్ష పైచిలుకు రకాల విత్తనాలు అక్కడి జన్యునిధిలో, దీర్ఘకాలం దాచవలసినవి సున్నకు ఇరవై డిగ్రీల కింద, భద్రంగా వున్నాయి. ఫైలును చదవవచ్చు, విత్తితే మొలవదు.

మా పాటలకూ నేను ఈ న్యాయమే పాటించాను. టైపు చేసిన పాఠాలు వున్నాయి గదా, ధ్వని ఫైళ్ళు తీసేస్తే ఎనిమిది గిగాబైట్లలో దాదాపు అంతా మిగులుతుంది అన్నారు ఒక సహాధ్యాపకులు. లెక్క ప్రకారం నిజమే. కాని "ఉయ్యాలో" అన్న చోట ఆ ముసలమ్మ ఎంతసేపు గొంతు నిలిపిందో, పక్కన కోడలు ఎక్కడ అందుకున్నదో, నాలుగు కిలోబైట్ల పాఠంలో లేదు. మధ్యలో ఆమె దగ్గి, "ఆగు బిడ్డా, మళ్ళ చెప్త" అన్నదీ లేదు. మేలురకం ధ్వని వున్న చోట దాని ఎంపీత్రీ నకలును మాత్రం తీసేశాం, అది ఎప్పుడైనా మళ్ళీ చేసుకోవచ్చు గనుక. అటునుంచి ఇటు చెయ్యటం కుదరదు.

ఇక ఇళ్ళల్లో ఫోనుల మాట. ఫోను సెట్టింగులలో "స్టోరేజి" అన్న చోట నొక్కితే వీడియోలు ఎంత, బొమ్మలు ఎంత అని వాటాలు చూపుతుంది. వాట్సాపులో కూడా, దాని సెట్టింగులలో, ఏ బృందం ఎంత బరువో పెద్దది ముందుగా వరసపెట్టి చూపుతుంది. ఒకసారి చూడండి. పూల బొమ్మ మీద శుభోదయం అని రాసి రోజూ పంపే బాబాయిగారిని మనం అనవసరంగా ఆడిపోసుకుంటున్నామని తేలవచ్చు. ఆయన ఏడాది శుభోదయాలన్నీ కలిపినా, మేనల్లుడు ఒక్కసారి పంపిన పెండ్లి ఊరేగింపు వీడియోలకు సరితూగవు. గూగులు ఉచితంగా ఇచ్చే 15 గిగాబైట్లలో ఉత్తరాలు, ఫైళ్ళు, ఫోటోలు మూడూ కలిసే వుంటాయి. 2021 జూన్ నుంచి కొత్తగా ఎక్కించే ఫోటోలన్నీ ఆ లెక్కలోకే వస్తున్నాయి. కంప్యూటరులో ఒక ఫోల్డరు ఇరవై గిగాబైట్లని, డిస్కుమీద మాత్రం సున్న అని కనిపిస్తే ఆశ్చర్యపడకండి. సరుకు దూరాన ఇంటర్నెట్టు గోడౌనులో వుండి, మీ దగ్గర పేర్లు మాత్రమే వున్నాయన్నమాట. దాన్ని ఇక్కడ తీసేస్తే చోటు ఏమీ మిగలదు సరిగదా, అక్కడి సరుకు కూడా పోయే ప్రమాదమున్నది.

పాటల ఫోల్డరుకు ఇప్పుడు రెండు నకళ్ళు చేయించాను. ఒకటి కళాశాలలోనే మరో కంప్యూటరులో, రెండోది 128 గిగాబైట్ల పెన్ డ్రైవులో మా ఇంటి బీరువాలో. నకలు సరిగా వచ్చిందా లేదా చూడటానికి కుర్రవాడూ నేనూ రెండుచోట్లా తూచాం. పెన్ డ్రైవు దగ్గర అతను ఆగిపోయాడు. "సార్, డిస్కు మీద సైజు కలుస్తలేదు, నూట యాభై ఎంబీల పైన ఎక్కువొస్తుంది" అన్నాడు. గదులు పెద్దవి గదా అన్నాను. పై వరస చూడమన్నాను. ఫైళ్ళ సంఖ్య సరిపోయింది. సరుకు పరిమాణం చివరి బైటుదాకా సరిపోయింది. అతను పెన్ డ్రైవు తీసి, చీటీమీద తేదీ, ఫైళ్ళ సంఖ్య, బైట్లు రాసి దానికి దారంతో కట్టి నా చేతికిచ్చాడు.